చలికి మొరాయిస్తున్న పాత డీజిల్ పికప్: పంపు దింపాలంటున్నారు, ఏం చేయమంటారు?

కోలార్_లోడు
బండి 2008 మోడల్ డీజిల్ పికప్, హీటర్ ప్లగ్గుల (స్టార్టింగ్‌కు ముందు ఇంజిన్ లోపల వేడి చేసేవి) ఇంజిన్, డీజిల్ కొట్టేది రోటరీ పంపు. మేం ఉండేది కె.ఆర్.పురంలో. తెల్లారుజామున మూడున్నరకల్లా బయల్దేరి కోలార్ మార్కెట్‌కు పోయి టమాట ఎత్తుకొస్తాం. దీపావళి అయినప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు. సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసపడే టైముకు ఒక్కసారి దగ్గి, వణుక్కుంటా లేస్తుంది. ఆ తర్వాత రోజంతా తాళం తిప్పితే చాలు. మెకానిక్ హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేసినాడు. బ్యాటరీ కూడా కొత్తదే. అయినా అదే కథ. ఇప్పుడేమో పంపు దింపి కాలిబ్రేషన్‌కు (కొలతలు సరిచేయడానికి) పంపాల, డీజిల్ చిమ్మే నాజిళ్లు కూడా మార్చాల అంటున్నాడు. ఆ రేటు వింటే బండి అమ్మేసేదే మేలు అనిపిస్తా ఉంది. కింద పోర్షన్‌లో ఉండే ఓనరమ్మ అయితే "నీ బండి దగ్గుకు మాకు నిద్ర లేదు, దాన్నన్నా ఆస్పత్రికి తీసుకుపో, నువ్వన్నా ఇల్లు ఖాళీ చెయ్" అనేసింది.

వాటర్‌క్యాన్_వాలా
చలికాలం కదన్నా, అన్ని పాత డీజిల్ బండ్లూ అంతే. నేను బకెట్ వేడినీళ్లు ఇంజిన్ మీద పోస్తా. స్టార్ట్ అయిపోతుంది.

మల్టీమీటర్_మావయ్య
వేడినీళ్లు పోసి పోసి ఆల్టర్నేటర్ పోయిందని మొన్న ఇంకో థ్రెడ్‌లో ఏడ్చింది మీరే కదా?

వాటర్‌క్యాన్_వాలా
అది వేరే కారణం 😄

ఓరుగల్లు_భాయ్
బెంగళూరులో చలేంది భయ్యా. మా దిక్కు రండి జనవరిల, చూపిస్త. డిసెంబర్‌ల మీకు తెల్లారంగ 14, 15 డిగ్రీలుంటది. దానికే ఇంజిన్ వణుకుతదా?

ఆడుగోడి_రిటైర్డ్
బెంగళూరు రికార్డుల్లో అన్నిటికంటే తక్కువ 7.8 డిగ్రీలు. అదీ 1884 జనవరిలో. అప్పటికి డీజిల్ ఇంజిన్ పుట్టనేలేదు కాబట్టి ఎవరూ థ్రెడ్ వేయలేదు.

కోలార్_లోడు గారూ, ముందు ఒక్క సంగతి చెప్పండి. పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు సైలెన్సర్ నుంచి పొగ వస్తోందా లేదా? వస్తే ఏ రంగు?

హోసూర్_హైవే
పొగ సంగతి తర్వాత. చలికి డీజిల్ గడ్డకడుతుంది. ట్యాంకులో రెండు లీటర్ల కిరసనాయిలు కలుపు, సరిపోతుంది. మా నాన్న లారీకి అదే చేసేవాడు.

మల్టీమీటర్_మావయ్య
@హోసూర్_హైవే డీజిల్‌లో మైనం తేలేంత చలి ఇక్కడ ఎక్కడుంది స్వామీ? అది లద్దాఖ్ వాళ్ల గోడు. వాళ్ల కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని వింటర్ డీజిల్ తెచ్చింది. మనకు ఆ అవసరం లేదు. పైగా రోటరీ పంపులో గ్రీజు, ఆయిల్ వేరే ఏమీ ఉండవు. డీజిలే దానికి ఆయిల్. కిరసనాయిలు పలచన, అది కలిపితే పంపు అరిగిపోతుంది. అప్పుడు మెకానిక్ చెప్పిన కాలిబ్రేషన్ నిజంగానే చేయించాల్సి వస్తుంది.

హోసూర్_హైవే
మా నాన్న లారీ పదేళ్లు తిరిగింది.

మల్టీమీటర్_మావయ్య
లారీది వేరే రకం, ఇన్‌లైన్ పంపు అయ్యుంటుంది. దానికి విడిగా ఇంజిన్ ఆయిల్ అందుతుంది. రెండూ ఒకటి కాదు.

జేసీరోడ్_స్పానర్
మెకానిక్కును అనడానికి అందరూ రెడీగా ఉంటారు. కస్టమర్ పొద్దున మూడున్నరకు స్టార్ట్ కాలేదంటాడు, బండి మాత్రం పది గంటలకు మా షాపుకు తెస్తాడు. అప్పుడు తాళం ముట్టుకుంటే స్టార్ట్. మేం దేన్ని చూడాలి? సరే, హీటర్ ప్లగ్గులు కొత్తవి వేశారన్నావు. వాటికి కరెంటు వస్తోందో లేదో చూశారా? ప్లగ్గు కొత్తది అయినంత మాత్రాన కాదు. రిలే (వాటికి కరెంటు వదిలే స్విచ్చి) పోయినా, పైన నాలుగింటినీ కలిపే పట్టీ వదులైనా నాలుగూ చల్లగానే ఉంటాయి.

మల్టీమీటర్_మావయ్య
స్పానర్ కరెక్ట్‌గా చెప్పాడు. మీటర్ లేకపోయినా ఫర్వాలేదు. 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టుకో. ఒకటి ఇంజిన్ బాడీకి, ఇంకోటి ప్లగ్గు పైన పట్టీకి పెట్టు. తాళం ఆన్ చేసి చూడు. గట్టిగా వెలిగి కొన్ని సెకన్ల తర్వాత రిలే టిక్కుమని ఆరాలి. మీటర్ ఉంటే పట్టీ తీసి ఒక్కో ప్లగ్గు విడివిడిగా చూడు, ఒక ఓమ్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అసలు కదలకపోతే అది పోయినట్టే. పనిలో పనిగా బ్యాటరీ కూడా చూడు. రాత్రంతా ఆగాక 12.6 వోల్టులు ఉంటే ఫుల్, 12.2 అంటే సగమే. సెల్ఫ్ తిరిగేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పడకూడదు.

నెల్లూరు_డీజిల్
ఎర్త్ వైరు మర్చిపోయారు అందరూ. మా బండికి ఇంజిన్ నుంచి ఛాసీకి పోయే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి, సెల్ఫ్ ముక్కుతూ మూలుగుతూ తిరిగేది. రెండు బ్యాటరీలు మార్చాక తెలిసింది. ఆయిల్ కూడా ఒక కారణం. 20డబ్ల్యూ-50 పోసి ఉంటే పొద్దున్న చిక్కగా ఉండి సెల్ఫ్ మీద భారం. 15డబ్ల్యూ-40 పోయండి.

కోలార్_లోడు
@ఆడుగోడి_రిటైర్డ్ అంకుల్, ఈ పొద్దున మా తమ్ముణ్ణి వెనక టార్చి పట్టుకుని నిలబెట్టినా. మొదట ఎంతసేపు కొట్టినా పొగే లేదు. సున్నా. దగ్గడానికి కొంచెం ముందు తెల్లగా కొంచెం వచ్చింది, తర్వాత స్టార్ట్.
@మావయ్య బల్బు వెలిగింది, ఆరింది. ప్లగ్గులు నాలుగూ బాగున్నాయి. బ్యాటరీ 12.5 చూపించింది. సెల్ఫ్ స్పీడు కూడా బాగుంది.

ఆడుగోడి_రిటైర్డ్
ఇదే నాకు కావాల్సింది. పొగ లేదంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరడం లేదు. తెల్ల పొగ ధారాళంగా వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ చేరుతోంది కానీ అంటుకోవడం లేదని అర్థం. అప్పుడే హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి), టైమింగ్ (డీజిల్ పడే సమయం) చూడాలి. మీ వాళ్లు డీజిలే రాని ఇంజిన్‌కు ప్లగ్గులు మార్చారు.

నేను ఆడుగోడి ఫ్యాక్టరీలో పంపుల దగ్గరే పని చేసి రిటైరయ్యాను. 1951లో మైకోగా మొదలైన కంపెనీ. 2008లో పేరు బాష్ అని మారినా బండి సామాన్లు దొరికే జేసీ రోడ్డులో ఇప్పటికీ "మైకో పంపు" అనే అడుగుతారు. మా దగ్గరికి కాలిబ్రేషన్‌కు వచ్చే పంపుల్లో ఏ దోషమూ లేనివి ఎన్ని చూశానో. పంపు పాడైతే పొద్దున ఒక్కసారే కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు కూడా లాగదు, మధ్యాహ్నం వేడి ఇంజిన్ మీద ఇంకా మొరాయిస్తుంది. మీ బండి రోజంతా లోడుతో బాగా లాగుతోందా?

కోలార్_లోడు
నరసాపుర దగ్గర ఎత్తు మూడో గేరులో ఎక్కుతుంది అంకుల్. లాగడంలో ఏ ఢోకా లేదు.

ఆడుగోడి_రిటైర్డ్
అయితే పంపు జోలికి పోకండి. తాళం ఆన్ చేసినప్పుడు పంపు మీది స్టాప్ సోలినాయిడ్ (డీజిల్‌ను వదిలే, ఆపే కరెంటు వాల్వు) "టక్" మంటోందో లేదో మాత్రం వినండి. అది పని చేయకపోయినా పొగ రాదు.

నర్సరీ_లక్ష్మి
మా మొక్కల బండికీ అచ్చం ఇలాగే అయింది. అందరూ చలి చలి అన్నారు. నేను ఒక్కటే అడుగుతా. ఆదివారం లోడు లేక మధ్యాహ్నం దాకా బండి ఎండలో ఉంటుంది కదా, అప్పుడు స్టార్ట్ చేసి చూశారా? రెండు గంటలకు ఎండలో కూడా మొరాయిస్తే చలి కాదు, ఎక్కువసేపు ఆగి ఉండటమే సమస్య.

కోలార్_లోడు
అక్కా, పోయిన ఆదివారం పెళ్లికి పోదామని మధ్యాహ్నం తీస్తే అప్పుడూ ఇదే రగడ! శనివారం సాయంత్రం నుంచి ఆపే ఉంది. నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇంకోటి గుర్తొచ్చింది. హోస్కోటెలో మా చెల్లెలి ఇంటి ముందు రోడ్డు దిగుడు. అక్కడ ముక్కు కిందికి పెట్టి రాత్రంతా ఆపితే పొద్దున ఒక్క దెబ్బకే స్టార్ట్ అయింది.

నర్సరీ_లక్ష్మి
దొరికింది 😀

ఓరుగల్లు_భాయ్
ఏం దొరికింది? నాకు గూడ చెప్పండి.

ఆడుగోడి_రిటైర్డ్
లక్ష్మి గారు కరెక్ట్‌గా పట్టుకున్నారు. బండి ముక్కు కిందికి ఉంటే ట్యాంకు ఇంజిన్ కంటే ఎత్తులో ఉంటుంది, డీజిల్ వెనక్కి పోదు. సమతలంగా ఆపితే పైపులో డీజిల్ రాత్రంతా మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. చెరకు రసం గ్లాసులో స్ట్రా పెట్టి పైన వేలు మూసి ఎత్తితే రసం నిలుస్తుంది, వేలు తీస్తే కారిపోతుంది. అలా మీ పైపులో ఎక్కడో వేలు తీసినట్టు గాలి దూరుతోంది. పొద్దున మీ సెల్ఫ్ అంతసేపు తిరుగుతోంది ఇంజిన్ కోసం కాదు, ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ లాగడం కోసం.

అది బయటికి కనిపించదు. రోటరీ పంపు బండ్లలో ట్యాంకు నుంచి పంపు దాకా అంతా పీల్చే వైపే, ఫిల్టర్‌తో సహా. ఇన్‌లైన్ పంపు బండ్లలో ఫీడ్ పంపు విడిగా ఉండి నెట్టుతుంది కాబట్టి ఫిల్టర్ దగ్గర లీకైతే తడి కనిపిస్తుంది. మీ దాంట్లో డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కదా అని మెకానిక్ లీకు లేదనుకుంటాడు.

రేపు పొద్దున తాళం ముట్టుకోకముందు ఫిల్టర్ పైన ఉన్న హ్యాండ్ పంపు నొక్కండి. మెత్తగా, ఖాళీగా దిగుతూ చాలాసేపటికి గట్టిపడితే గాలి ఉన్నట్టే. గట్టిపడ్డాక స్టార్ట్ చేసి చూడండి.

హోసూర్_హైవే
ఇంత కథ ఎందుకు, ఎయిర్ ఫిల్టర్ పైపు దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టు, లేకపోతే పెట్రోల్ గుడ్డ పెట్టు. ఒక్క దెబ్బకు లేస్తుంది.

జేసీరోడ్_స్పానర్
హీటర్ ప్లగ్గుల బండికి ఆ పని మాత్రం చేయకు తండ్రీ. ప్లగ్గు ఎర్రగా కాలి ఉంటుంది, స్ప్రే లోపలికి పోగానే పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. రింగులు విరిగిన ఇంజిన్ నేనే విప్పాను. పిస్టన్ అంచు ముక్క చేతిలోకి వచ్చింది. పెట్రోల్ గుడ్డ గురించి చెప్పనక్కర్లేదు, బానెట్ కింద మంట లేస్తే ఓనరమ్మ దగ్గుతో ఆగదు.

కోలార్_లోడు
హ్యాండ్ పంపు అంకుల్ చెప్పినట్టే. మొదట్లో ఉత్త గాలి. నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పెట్టినాక గట్టిపడింది. తాళం తిప్పినా, సగం చుట్టుకే స్టార్ట్!! చలిలోనే!! ఓనరమ్మ కిటికీ తీసి చూసింది, ఏమీ అనకుండా మూసేసింది.

వాటర్‌క్యాన్_వాలా
ఇంకేం, రోజూ పొద్దున నొక్కుకుంటే పోలా?

నర్సరీ_లక్ష్మి
అలా రెండేళ్లు నొక్కిన మా డ్రైవర్ ఉన్నాడు. చివరికి ఫ్లైఓవర్ మీద గాలి పట్టి ఆగిపోయింది, వెనక ట్రాఫిక్ సిల్క్ బోర్డు జంక్షన్ దాకా. లీకు వెతకండి.

నెల్లూరు_డీజిల్
ఒక మాట. దీపావళి నుంచి మొదలైందన్నారు. దీపావళికి ముందు బండికి ఏం పని చేయించారు?

కోలార్_లోడు
పండగకు ముందు సర్వీసింగ్. ఇంజిన్ ఆయిల్, డీజిల్ ఫిల్టర్ మార్చినారు... ఓహో.

నెల్లూరు_డీజిల్
ఆ "ఓహో" దగ్గరే ఆగండి 😄 ఫిల్టర్ పైన పైపులు బిగించే బ్యాంజో బోల్టులకు (మధ్యలో డీజిల్ పోయే బొక్క ఉన్నవి) రెండు పక్కలా వాషర్లు ఉంటాయి, రాగివో అల్యూమినియంవో. ఒకసారి బిగించాక అవి నలిగి ఆ బోల్టుకే అచ్చు పడతాయి. విప్పి మళ్లీ వేస్తే సరిగా కూర్చోవు. చాలా చోట్ల పాతవే వేస్తారు. ఫిల్టర్ రబ్బర్ రింగు కూడా చూడండి. పాతది హెడ్డుకే అంటుకుని ఉండిపోయి, దాని మీదే కొత్తది బిగించినవి చూశాను.

జేసీరోడ్_స్పానర్
ఊరికే అన్నీ మార్చకు. ఎటువైపో ముందు తేల్చుకో. ఐదు లీటర్ల క్యాన్‌లో ఫిల్టర్ చేసిన డీజిల్ పోసి, ఇంజిన్ కంటే ఎత్తులో కట్టు. పంపుకు వచ్చే పైపు ఫిల్టర్ దగ్గర తీసేసి, క్యాన్ నుంచి నేరుగా పంపుకు ఇవ్వు. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే పెట్టు. గాలి తీసి, స్టార్ట్ చేసి ఆపి, రాత్రంతా అలాగే వదిలెయ్. పొద్దున ఒక్కసారికే స్టార్ట్ అయితే పంపూ నాజిళ్లూ ఇంజిన్ అన్నీ సేఫ్. దోషం ఫిల్టర్ నుంచి ట్యాంకు మధ్యలోనే. క్యాన్ దగ్గర బీడీ మాత్రం కాల్చకు.

మల్టీమీటర్_మావయ్య
ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య అడుగు పొడవు పారదర్శకమైన పైపు పెడితే బుడగలు కళ్లకు కనిపిస్తాయి కూడా. చూసుకోవడానికే. ఆ ప్లాస్టిక్ డీజిల్‌కు కొన్నాళ్లకే గట్టిపడి పగులుతుంది, పర్మనెంటుగా ఉంచొద్దు.

పలమనేరు_అబ్బి
నాది వేరే కేసు, కానీ ఇక్కడే చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. నా బండి పొద్దున కొడితే వీధంతా తెల్ల పొగ, కళ్లు మండేంత వాసన. హ్యాండ్ పంపు గట్టిగానే ఉంటుంది. రిటైర్డ్ సార్ చెప్పినట్టు అంటుకోవడం లేదన్నమాట. ప్లగ్గుల్లో మూడు పోయినాయి. మార్చినాక బాగుంది గానీ ఇంకా రెండు కొట్టుళ్లు పడతా ఉంది. టాపెట్లు (వాల్వుల దగ్గర సందు) చూపిస్తే ఎగ్జాస్ట్‌వి మరీ బిగుతుగా ఉన్నాయి. అవి సరిచేసినాక పోయింది.

ఓరుగల్లు_భాయ్
మన దగ్గర గింత ఎండలుంటే ప్లగ్గులెందుకసలు? మా అన్న బండికి ప్లగ్గులే లేవు, మంచిగనే స్టార్టయితది.

ఆడుగోడి_రిటైర్డ్
మీ అన్న బండి డైరెక్ట్ ఇంజెక్షన్ అయ్యుంటుంది. పిస్టన్ మీదే డీజిల్ పడుతుంది, వేడి వృథా పోదు. పాత ఇండైరెక్ట్ ఇంజిన్లలో హెడ్డులో చిన్న గది ఉండి, డీజిల్ అందులో పడుతుంది. ఆ గది గోడలు చల్లగా ఉండి గాలి వేడి పీల్చేస్తాయి, అందుకే 15 డిగ్రీలకు కూడా ప్లగ్గు కావాలి. పలమనేరు, మీ టాపెట్ల మాట సరైనదే. బిగుతుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారుతుంది.

కోలార్_లోడు
క్యాన్ టెస్ట్ చేసినా. పొద్దున తాళం తిప్పీ తిప్పకముందే స్టార్ట్. అంటే పంపు, నాజిళ్లు బాగున్నాయి. సాయంత్రం జేసీ రోడ్డుకు పోయి వాషర్లు, డీజిల్ హోసు, క్లిప్పులు తెచ్చినా. స్పానర్ అన్న చెప్పిన షాపులోనే, పాత వాషరు చూపిస్తే సైజు చూసి ఇచ్చినారు. అంతా కలిపి ఐదొందలు కూడా కాలేదు.

విప్పితే ఏం చూసినానో చెప్తా. ఫిల్టర్ హెడ్డు దగ్గర వాషరు పాతదే, ఒక పక్క నలిగి అంచు మీద చిన్న గాడి. అది ఒకటి. రెండోది ఎవరూ అనుకోనిది. ట్యాంకు దగ్గర ఇనుప పైపుకూ రబ్బరు పైపుకూ జాయింటు ఉంది, బయటికి పొడిగా దుమ్ము కొట్టుకుని ఉంది. క్లిప్పు తీసి రబ్బరు వేలితో వంచితే క్లిప్పు కిందంతా సన్నటి పగుళ్లు. క్లిప్పు ఎంత బిగించినా ఆ పగుళ్లలోంచి గాలి లాగుతా ఉన్నట్టుంది. ముక్క కత్తిరించి కొత్త హోసు వేసినా, వాషర్లన్నీ మార్చినా, గాలి తీసినా. ఇప్పటికి వారం దాటింది, సమతలంలోనే ఆపుతున్నా, హ్యాండ్ పంపు ముట్టుకోలేదు. ఒక్క దెబ్బ.

జేసీరోడ్_స్పానర్
👍 ఫిల్టర్ కింద నీళ్లు దించే స్క్రూ కూడా చేత్తో బిగించి చూసుకో, దాని రబ్బరు కూడా ఎండిపోతుంది. వానాకాలం అయ్యాక నీళ్లు వదలడం మర్చిపోవద్దు.

హోసూర్_హైవే
అంటే చలి కాదన్నమాట. పండగ, ఫిల్టరు, చలి మూడూ ఒకేసారి వచ్చాయి.

నర్సరీ_లక్ష్మి
కాలిబ్రేషన్ డబ్బులు మిగిలాయి కదా, ఓనరమ్మకు స్వీట్లు కొనివ్వండి.

కోలార్_లోడు
రెండు కేజీల టమాట ఇచ్చినా అక్కా. "పులుపు లేవు" అన్నది.

వైట్‌ఫీల్డ్_క్యాబ్
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా ఏమనుకోవద్దు. నాది కామన్ రైలు ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి హై ప్రెషర్ డీజిల్ అందేది), 2014. పొద్దున లాంగ్ సెల్ఫ్. హ్యాండ్ పంపు గట్టిగానే ఉంది. రైలులో ప్రెషర్ లేస్తలేదని స్కానర్ పెట్టినాయన చెప్పాడు. హై ప్రెషర్ పంపు మార్చాలంటున్నాడు.

మల్టీమీటర్_మావయ్య
ఈ పంపు మార్చే జబ్బు ఊరంతా పాకినట్టుంది.

ఆడుగోడి_రిటైర్డ్
కామన్ రైలులో మైదానం వేరు. ప్రెషర్ లేవకపోవడానికి పంపు ఒక్కటే కారణం కాదు, ఇంజెక్టరు లోపల్లోపలే రిటర్న్‌లోకి వదిలేస్తున్నా రైలు నిండదు. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు నాలుగూ తీసి ఒక్కోదానికీ ఒక్కో చిన్న సీసా కట్టించండి. అన్నీ ఒకే సైజువి. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఏ సీసా ముందు నిండుతోందో చూడండి. మూడు ఒకలా ఉండి ఒకటి పరుగెత్తితే దోషం ఆ ఇంజెక్టరుదే. హై ప్రెషర్ పైపులు మాత్రం ఇంజిన్ నడుస్తుండగా విప్పొద్దు, ఆ ధార చర్మం కోసుకుని లోపలికి పోతుంది. తెలిసిన మెకానిక్ పక్కనుంటేనే చేయండి.

వైట్‌ఫీల్డ్_క్యాబ్
మందుల సీసాలు పనికొస్తాయా సార్?

ఆడుగోడి_రిటైర్డ్
గీతలున్నవైతే ఇంకా మేలు. కొత్త థ్రెడ్ వేసి ఫొటో పెట్టండి, అక్కడ చూద్దాం.